సెలీనియం వాసన

మాంగనీసు పొడి, ఎర్ర భాస్వరం, సెలీనియం. మూడింటినీ కొలత ప్రకారం తూచి, బొటనవేలంత లావున్న క్వార్ట్జ్ గాజు గొట్టంలో పోసి, లోపలి గాలి మొత్తం పంపుతో లాగేసి, గొట్టం మూతిని మంటతో కరిగించి మూసెయ్యాలి. తర్వాత దాన్ని కరెంటు కొలిమిలో పెట్టి, నెమ్మది నెమ్మదిగా వేడి పెంచి, పది పన్నెండు రోజులు అలాగే వదిలేస్తే, గొట్టంలో వేడి తక్కువగా ఉండే కొసన పలుచని పలకలు పెరుగుతాయి. వెలుతురుకు ఎత్తి చూస్తే దానిమ్మ రసం రంగు. టేపు అంటించి లాగితే కాకిబంగారంలాగా పొరలు పొరలుగా ఊడి వస్తాయి. ఆ పొరల గుణాలు కొలవడమే నా పరిశోధన. వరంగల్‌లో ఐదేళ్లు దాని మీదే గడిపాను.

మా ఊరు జనగామ. ఇంట్లో పెద్ద చదువు చదివింది నేనొక్కదాన్నే. నాయిన పోయాక నన్ను చదివించింది అన్న. ఆయన భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుడు. సెలవు దొరికినప్పుడు నన్ను చూడ్డానికి మా ల్యాబ్‌కు వచ్చి, ఆ ఎర్ర పలకల్ని అరచేతిలో పెట్టుకుని చూసేవాడు.

"ఇవి ఎందుకు పనికొస్తయే?"

"ఇంకా తెల్వదన్నా."

"తెల్వకుంటనే ఐదేండ్లు చదువుతున్నవా?" అని నవ్వేవాడు.

గొట్టాలు మూసే పని నాది కాదు. దానికి మా దగ్గర గాజు పని చేసే ఒకాయన ఉండేవాడు. యాభై దాటిన మనిషి. అందరం చాచా అనేవాళ్లం. ఆయనది మహబూబాబాద్. మేమంతా మానుకోట అని పిలిచే ఊరు. వారమంతా క్యాంపస్ వెనక చిన్న గదిలో ఉండి, శనివారం సాయంత్రం రైల్లో ఇంటికి వెళ్లేవాడు. మంట ముందు కూర్చున్నాడంటే పలకరించినా పలికేవాడు కాదు. గాజు మెత్తబడి ముడుచుకునే క్షణం కోసం కన్నార్పకుండా చూసి, ఒక్క తిప్పు తిప్పి గొట్టం మూతిని సూదిమొనలా లాగేసేవాడు. ఆ మూత సరిగ్గా పడకపోతే కొలిమిలో భాస్వరం, సెలీనియం ఆవిరై గొట్టాన్ని పేల్చేస్తాయి. ఆయన మూసిన గొట్టం పేలడం మొదటి నాలుగేళ్లలో నేను చూడలేదు.

గొట్టాలు కోసి తెరిచేదీ ఆయనే. నేను పక్కన నిలబడి పలకల్ని ఏరుకునేదాన్ని. లోపల మిగిలిన పొడికి గాలిలోని తడి తగలగానే కుళ్లిన ముల్లంగి వాసన గుప్పుమనేది. అలాంటి పని చేసే అలమారాకు పొగ లాగే ఫ్యాను ఉండాలి. మా ఫ్యాను నేను చేరకముందే పాడైంది. బాగు చేయించమని రాశామని మా సార్ ప్రతి ఏడూ చెప్పేవారు. మేము కిటికీలు తీసుకుని పని చేసేవాళ్లం.

నాలుగో ఏడు ఒక మధ్యాహ్నం, ఏదో అడుగుతూ చాచాకు కొంచెం దగ్గరగా నిలబడ్డాను. ఆయన తల పక్కకు తిప్పి, మళ్లీ నా వైపు చూశాడు.

"బేటీ, నీకు గూడ పట్టిందా?"

"ఏంది చాచా?"

"నోట్ల ఎల్లిగడ్డ వాసన. నాకైతే పదేండ్ల నుంచి ఉన్నది."

నేను వెల్లుల్లి తిని వారమైంది. ఆ సాయంత్రమే పుస్తకాలు తిరగేశాను. సెలీనియం ఒంట్లోకి పోతే, శరీరం దాన్ని ఒక వాయువుగా మార్చి ఊపిరిలోంచి బయటికి పంపుతుందట. ఆ వాయువు వాసన అచ్చం వెల్లుల్లిలా ఉంటుందట. గోళ్లు పెళుసెక్కుతాయి, వాటి మీద తెల్లటి చారలు పడతాయి, జుట్టు రాలుతుంది. చదివి, నా చేతులు చూసుకున్నాను. రెండు గోళ్ల మీద చారలు అప్పటికే ఉన్నాయి. భయమేసింది. కానీ పని ఆపలేదు. లవంగాలు నమలడం మాత్రం మొదలుపెట్టాను.

మరుసటి ఏడు సమ్మె వచ్చింది. ప్రత్యేక రాష్ట్రం కోసం బస్సులు, బడులు, ఆఫీసులు అన్నీ ఆగిపోయాయి. హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. నేనూ మొదట్లో కొన్ని రోజులు గేటు ముందు శిబిరంలో కూర్చున్నాను. రైళ్లు కూడా ఆపుతారని తెలిసిన రోజున చాచా నాకోసం మూడు గొట్టాలు మూసి, తన చేత్తోనే కొలిమిలో పెట్టాడు.

"చల్లారిన గూడ ముట్టుకోకు. నేనొచ్చి కోస్త," అని చెప్పి, గాజు పని గదికి తాళమేసుకుని, దొరికిన ఆఖరి రైలు ఎక్కి వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండానే బొగ్గుబాయిల్లో పని ఆగింది. బొగ్గు లేక కరెంటు కోతలు మొదలయ్యాయి. అన్నకు ఫోన్ చేశాను.

"నీ సమ్మెతోని నా కొలిమి ఆగిపోతుందన్నా."

"ఆగనియ్యి. రాష్ట్రం వచ్చినంక మళ్ల ముట్టిద్దువు."

ఇంటికి పోదామంటే బస్సులు లేవు. గొట్టాలను వదిలిపోవడానికీ మనసొప్పలేదు. ఆ రెండు మూడు వారాలు రెండంతస్తుల మా ల్యాబ్ భవనంలో నేనొక్కదాన్నే ఉన్నాను. కింద గేటు దగ్గర వాచ్‌మన్ ఉండేవాడు. మెస్ మూసేశారు. అటుకులు నానబెట్టుకుని, బెల్లం కలుపుకుని తినేదాన్ని. మధ్యాహ్నం పూట వరండాలో ఎండ పరుచుకుని ఉన్నా, ఆ నిశ్శబ్దానికి నా చెప్పుల చప్పుడు నాకే ఎవరో వెనక వస్తున్నట్టు ఉండేది.

చాచా తన గాజు పని గదిలో పంపు స్విచ్చి ఆపకుండా వెళ్లిపోయాడు. కరెంటు వచ్చినప్పుడల్లా తాళం వేసి ఉన్న ఆ గదిలో పంపు దానంతటదే మొదలయ్యేది. కాసేపు గురగురమని తిరిగేది. కరెంటు పోగానే ఎవరో గొంతు నొక్కినట్టు ఆగేది. అది పంపేనని నాకు తెలుసు. అయినా ఒకరోజు ఆ తలుపు ముందు నిలబడి "చాచా?" అని పిలిచాను. పిలిచి, నాకే సిగ్గేసి వచ్చేశాను.

మూడో వారంలో, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, చాలాసేపటికి కరెంటు వచ్చింది. నెమ్మదిగా ఎక్కాల్సిన వేడి ఒక్కసారిగా ఎక్కింది. పక్క గదిలో ఉన్నాను. చిన్నగా ఠప్పుమని వినపడింది. పరుగెత్తి వెళ్లేసరికి కొలిమి మూతిలోంచి తెల్లటి పొగ వస్తోంది. ప్లగ్గు పీకేశాను. వంగి చూస్తే, లోపల పగిలిన గాజు ముక్కలు పచ్చగా వెలుగుతున్నాయి. ఆవిరైన భాస్వరం చల్లబడి గాజుకు అంటుకుంటే, గాలి తగిలి అలా వెలుగుతుంది. పదో తరగతి పిల్లలకు కూడా తెలిసిన సంగతే. కానీ ఆ వెలుగు ఒకే తీరుగా లేదు. పెరిగేది, తగ్గేది, మళ్లీ పెరిగేది. నిద్రపోతున్న మనిషి ఛాతీని చూస్తున్నట్టు అనిపించింది. 

ముక్కుకు చున్నీ కట్టుకుని, ఇసుక పోసి, గాజు ముక్కలన్నీ నేనే ఎత్తేశాను. మిగతా రెండు గొట్టాలు పగలలేదు. కిటికీ రెక్కలు తుప్పుపట్టి సగమే తెరుచుకున్నాయి. సాయంత్రానికి గొంతు మంట, తలనొప్పి, నాలుక మీద ఇనుప చెంచా పెట్టుకున్నట్టు రుచి. మరునాటి నుంచి నా ఊపిరి వాసన నాకే తెలియడం మొదలైంది. పడుకుని చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుంటే, ఆ మంచం మీద నా పక్కన ఇంకెవరో ఉన్నట్టు ఉండేది.

ఏం చెయ్యాలో అడుగుదామని చాచాకు ఫోన్ చేశాను. స్విచ్చాఫ్. మూడు రోజులు అదే మాట. నాలుగో రోజు అన్న మోటారుసైకిల్ మీద వచ్చాడు. సమ్మెలో ఉన్నాడు కాబట్టి తీరిక దొరికింది. జనగామకు తీసుకుపోతానన్నాడు.

"ముందు మానుకోట పోదామన్నా. చాచా ఫోన్ కలుస్తలేదు."

"జనగామ ఏ దిక్కు, మానుకోట ఏ దిక్కు?"

అడ్డం చెప్పినా, బండి మాత్రం మానుకోట దారికే తిప్పాడు. వెనక కూర్చున్న నేను రెండు మూడు మాటలు మాట్లాడానో లేదో, తల వెనక్కి తిప్పాడు.

"ఎల్లిగడ్డ కారం తిన్నవా?"

"లేదు."

"మరి ఏందే ఆ వాసన?"

 మూతి మూసుకుని కూర్చున్నాను.

దారి పొడవునా మనుషులు తక్కువ. ఒకచోట రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని నిరసన తెలిపినట్టున్నారు. మేము వెళ్లేసరికి అందరూ వెళ్లిపోయారు. నల్లటి రాళ్లు మూడేసి చొప్పున, ఫర్లాంగు దూరం, వరసగా. వాటి మధ్య నుంచి బండి పోతుంటే బూడిద లేచి మా బట్టల మీద పడింది. మానుకోట స్టేషన్‌లో రైలొకటి కదలకుండా నిలబడి ఉంది. పెట్టెల తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. లోపల ఒక్క మనిషి కూడా లేడు.

చాచా ఇల్లు బజారు వెనక సందులో. అడిగితే ఒక దర్జీ చూపించాడు. చూపించి, ఏదో చెప్పబోయి, మళ్లీ మిషన్ మీదికి వంగాడు. వాకిలికి పాత చీర పరదా కట్టి ఉంది. అన్న బండి నిలబెడుతుండగా నేను పరదా తీసి లోపలికి అడుగుపెట్టాను.

ముందు గదిలో నులకమంచం మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. చేతిలో జపమాల. కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ రెండూ పాలలా తెల్లగా ఉన్నాయి. నేను సలాం చెబుదామని దగ్గరికి వెళ్లి వంగాను. నోరు ఇంకా తెరవనే లేదు. ఆమె తల నా వైపు తిరిగింది.

"ఆగయా రే బేటా?"

వచ్చినావా కొడుకా, అంటోంది. వాళ్లింటి దక్కనీ ఉర్దూ నాకు అర్థమవుతుంది. ఆ తర్వాత ఆమె అన్న మాటలన్నీ తెలుగులో రాస్తున్నాను.

"ఇన్ని దినాలు ఎక్కడున్నావు?"

ఆమె చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకుంది. అంత ముసలి చేతిలో అంత పట్టు ఉంటుందనుకోలేదు. నన్ను కిందికి లాగి, నా మూతి దగ్గర ముఖం పెట్టి, నిండుగా ఊపిరి పీల్చింది. పీల్చి, తృప్తిగా తల ఊపింది. తర్వాత నా వేళ్లు ఒక్కొక్కటే తడమసాగింది. పెళుసెక్కి కొసలు విరిగిన నా గోళ్ల మీద ఆమె బొటనవేలు అటూ ఇటూ తిరిగింది.

"గోళ్లు ఇంకా పాడైనయ్. ఆ పని మానెయ్ అంటే వినవు. ఇంత ఆలస్యం ఎందుకైంది?"

 చెయ్యి గుంజుకోవాలని ఉంది, గుంజుకోలేకపోయాను. కాసేపాగి ఆమే "ఓ, రైళ్లు లెవ్వా. సరే," అంది. తనలో తాను అనుకుంటోందని అనుకున్నాను.

ఇంతలో వంటింట్లోంచి ఒకామె పరుగున వచ్చింది. చాచా భార్య, చాచీ అయి ఉండాలి. చేతులకు పిండి అంటుకుని ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. నన్ను చూసింది, వాకిట్లో నిలబడ్డ అన్నను చూసింది. నన్ను గుర్తుపట్టినట్టుంది. చాచా నా ఫోటో చూపించి ఉంటాడు. గోడకు ఆనుకుని, అలాగే కిందికి జారి కూర్చుంది.

"ఆయన పోయిండు బేటీ," అంది, తెలుగులో, అత్తకు వినపడకుండా మెల్లగా. "వచ్చిన మూడోనాడే. ఛాతిల నొప్పని దవాఖానకు తోలుకపోయినం. దారిలనే పోయిండు. ఫోన్లు చేద్దమంటే నాకు నంబర్లు తెల్వయి."

ముసలామె నా చెయ్యి వదల్లేదు. కోడలి మాట వినపడిందో ఏమో, గొంతు పెంచింది.

"ఇది రోజూ ఇదే చెప్తది. నా కొడుకు చచ్చిపోయిండట. ఎవన్నో తెచ్చి ముందట పండబెట్టిండ్రు. నేను దగ్గరికి పోయి చూసిన. కర్పూరం వాసన తప్ప ఏం లేదు. నా కొడుకు వాసన నాకు తెల్వదా? వాడు నా కొడుకు కాదని చెప్పిన. ఎవ్వరు ఇన్లే. ఇగో, వచ్చిండు చూడు."

చాచీ నా వైపు చేతులు జోడించింది. ఏం కోరుతోందో నాకు అర్థం కాలేదు. మాట్లాడొద్దనో, నిజం చెప్పమనో. అన్న వాకిట్లోంచి కదల్లేదు.

నేను మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. ఆమె పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచి, "అమ్మీ, నేను నీ కొడుకును కాను," అన్నాను. "ఆయన దగ్గర పని నేర్చుకున్న పిల్లను. చాచా అని పిలుస్త."

ఆడగొంతు వినపడగానే ఆమె వేళ్లు బిగుసుకున్నాయి. అప్పుడు తెలుగులోకి మారింది. పరాయివాళ్లతో మాట్లాడే భాష.

"మరి నా కొడుకు వాసన నీకెట్ల వచ్చింది?"

చెప్పాను. మేమిద్దరం ఒక మందుతో పని చేస్తామని, దాని పొగ పీలిస్తే అది ఒంట్లో కలిసిపోయి, ఊపిరితో బయటికి వస్తుందని, గోళ్లు కూడా దానివల్లే ఇలా అవుతాయని. చెబుతూ చెబుతూ, తర్వాతి మాట దగ్గర ఆగిపోయాను. ఆమె వదల్లేదు.

"ఊపిరితోని వస్తదా?"

"అవునమ్మీ."

"ఊపిరి ఆగిపోతే?"

"వాసన గూడ ఆగిపోతది."

 జపమాల ఆమె ఒళ్లోంచి జారి కింద పడింది. నేను తీసి ఇస్తే పట్టుకోలేదు. తర్వాత నా మణికట్టు వదిలేసింది. వదిలిన చోట నాలుగు వేళ్ల అచ్చులు పడి ఉన్నాయి.

"అట్లయితే అది వాడే," అంది. "నేను వాని మొఖం గూడ సరిగ తడమలే. పరాయోడని చెయ్యి తీసుకున్న."

అప్పుడు ఏడ్చింది. చాచీ లేచి వచ్చి ఆమెను పట్టుకుంది. ఇన్ని రోజులూ ఇంట్లో ఏడవడానికి వీల్లేక చాచీ కూడా బిగబట్టుకుని ఉన్నట్టుంది. ఇద్దరూ కలిసి ఏడ్చారు. నేను మూల కూర్చుని, వాళ్ల ముందు ఊపిరి పీల్చాలన్నా సంకోచంగా, మూతికి చున్నీ అడ్డం పెట్టుకున్నాను.

సాయంత్రం ఎండ తగ్గకముందే ఆమె ఖబరస్తాన్ దగ్గరికి తీసుకుపొమ్మంది. ఆడవాళ్లు లోపలికి వెళ్లరు. అన్న, చాచీ చెరో చెయ్యి పట్టుకుని సందు చివరిదాకా నడిపించారు. బయటి గోడ దగ్గర నిలబడి, కొడుకు సమాధి ఏ వైపుందో అన్నను లోపలికి పంపి కనుక్కుని, ఆ వైపు తిరిగి ఆయన్ను పేరు పెట్టి పిలిచింది. ఐదేళ్లు పక్కన పని చేసి ఆయన పేరు నేను అదే మొదటిసారి వినడం.

వెనక్కి వచ్చేటప్పుడు అన్న నెల్లికుదురులో మూసి ఉన్న హోటల్ ముందు బండి ఆపి, నీళ్లు తాగి, సీసా నాకిచ్చాడు.

"ఆ ముసల్దానికి ముందు అట్లెందుకు జవాబు చెప్పినవ్?"

"ఎట్ల?"

"ఎందుకు ఆలస్యమైందని అడిగితే, 'రైళ్లు లెవ్వమ్మీ' అన్నవ్ గదా. వాళ్ల భాషల."

"నేనేం అన్లే."

"అన్నవే. నేను వాకిట్లనే ఉన్న. మొగోని గొంతు లెక్క అన్నవ్. నాకు భయమై లోపలికి రాలె."

అన్న వేళాకోళం ఆడుతున్నాడేమోనని ముఖం చూశాను. భూమి కింద పని చేసే మనిషి. దేనికీ బెదరడు. నా చేతిలోంచి సీసా లాక్కుని, మూత సరిగ్గా పెట్టకుండానే బండి స్టార్ట్ చేశాడు. జఫర్‌గఢ్ దాటి జనగామ చేరేదాకా ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

సమ్మె ముగిసేదాకా ఇంట్లోనే ఉన్నాను. జుట్టు గుత్తులు గుత్తులుగా ఊడింది. రెండు గోళ్లు పూర్తిగా రాలిపోయి కొత్తవి వచ్చాయి. జనగామలో డాక్టర్, ఆ పనికి దూరంగా ఉంటే తగ్గిపోతుందని చెప్పాడు. చాచా గుండె ఆగడానికీ సెలీనియానికీ సంబంధం ఉందా అని అడిగాను. చూడకుండా చెప్పలేనన్నాడు. అది నాకు ఇప్పటికీ తెలియదు.

తిరిగి వెళ్లాక, ఫ్యాను బాగయ్యేదాకా గొట్టం ముట్టనని సార్‌కు చెప్పాను. ఆయన నా నెత్తి వైపు చూసి, తల వంచుకున్నారు. పది రోజుల్లో కొత్త ఫ్యాను వచ్చింది. మిగిలిన రెండు గొట్టాల్ని చేతులకు తొడుగులు వేసుకుని నేనే కోశాను. ఒకదాంట్లో బూడిద. ఇంకోదాంట్లో, అన్ని కరెంటు కోతల మధ్య ఎలా పెరిగాయో, గోరంత వెడల్పున ఎర్ర పలకలు. నేను చేసిన వాటిలో అవే పెద్దవి. నా పరిశోధన వాటితోనే పూర్తయింది.

రాష్ట్రం వచ్చాక ఒకసారి మానుకోట వెళ్లాను. ముసలామె ఇంకా ఉంది. వాకిట్లో నిలబడి నేనెవరో చెప్పుకుంటేగాని గుర్తుపట్టలేదు. దగ్గరికి రమ్మని, నా మూతి దగ్గర వాసన చూసింది.

"పోయింది. మంచిగైంది బిడ్డా," అంది.

వంటింట్లో చాచీ చాయ్ పెడుతుంటే వెళ్లి నిలబడ్డాను. ఇన్నేళ్లుగా అడుగుదామనుకుంటున్న మాట అడిగాను. ఆ రోజు నేను అమ్మీతో నిజంగా ఏమైనా మాట్లాడానా అని.

చాచీ పొయ్యి వైపు నుంచి తిరగలేదు.

"రొట్టెలు చేస్తున్న పిండి వదిలేసి ఎందుకు ఉరికొచ్చిన అనుకున్నవ్?" అంది.

పొగకు నా గొంతు బొంగురుపోయి ఉంటుందని, రైళ్ల సంగతి ఎవరికైనా నోటికొచ్చే మాటేనని, జవాబు నేనే చెప్పుకున్నాను. చాచీ చాయ్ కప్పు చేతికిచ్చి, చక్కెర సరిపోయిందా అని అడిగింది.